తెలియకుండా తీస్తేనే ఉరి

జేబు కొట్టడం చెయ్యి తిరిగితే గాని రాని విద్య. లండన్ నగర న్యాయాధికారి విలియం ఫ్లీట్‌వుడ్ 1585లో రాసిన ఒక లేఖలో ఆ విద్య నేర్పే చోటు గురించి ఉంది. ఒక సంచినీ ఒక జేబునూ వేలాడదీసి, చుట్టూ చిన్న గంటలు కట్టేవారట. గంట మోగకుండా నాణెం తీసిన కుర్రాడే పనిమంతుడు. తర్వాతి శతాబ్దంలో ఇంగ్లండు సంతలకు దిగిన దొంగల చేతివాటం ఇలాంటిదే. కొందరు బొటనవేలికి కొమ్ముతో చేసిన తొడుగు పెట్టుకుని, దానికి కత్తి ఆనించి, ఎదుటివాడి నడుముకు వేలాడే సంచి తాడు తెంపేవారు. డబ్బు బట్టల లోపలి జేబుల్లోకి చేరేకొద్దీ కత్తి పని తగ్గి వేళ్ల పని పెరిగింది. ఇంత నేర్పుకు ఎదురుగా ఊరు నిలబెట్టిన కానిస్టేబుల్ ఎవరు? వంతు వచ్చి ఏడాదిపాటు ఆ పని నెత్తిన వేసుకున్న ఒక రైతు, లేదా ఒక చేతిపనివాడు. జీతం లేదు, శిక్షణ లేదు. అందుకే ఆ కాలపు చట్టం అమలు చేతగానిదని చాలామంది తేల్చేస్తారు. నాకు ఆ తీర్పు సరైనదనిపించదు. దొంగను పట్టే చూపు అక్కడ ఉద్యోగిలో కాదు, సంతకొచ్చిన జనంలో ఉంది. పట్టుకున్నాక శిక్ష ఎంత దాకా పోవాలో కూడా చాలావరకు ఆ జనంలోని వాళ్లే నిర్ణయించారు, అదీ ఆలోచించే.

చట్టం మాటల్లో మాత్రం దయ లేదు. సాటి మనిషికి తెలియకుండా అతని ఒంటిమీది సొమ్ము తీసేవాళ్లకు మతాధికారుల మినహాయింపు వర్తించదని 1565లో పార్లమెంటు శాసించింది. ఆ మినహాయింపు అప్పటికి పేరుకే మతాధికారులది. బైబిల్లో ఒక చరణం చదవగలిగిన ఏ మగవాడైనా మొదటి నేరానికి బొటనవేలి మీద వాత వేయించుకుని ఉరి తప్పించుకోవచ్చు. జేబుదొంగకు ఆ దారి మూసేశారు. సొమ్ము విలువ 12 పెన్నీలు దాటితే చావే. 17వ శతాబ్దం తొలినాళ్లలో దక్షిణ ఇంగ్లండులో మామూలు కూలీకి రోజుకు దాదాపు 8 పెన్నీలు వచ్చేవి. అంటే రెండు రోజుల కూలి కూడా కాని సొమ్ముకు ప్రాణం పోతుంది. ఈ బెదిరింపు ఉత్తిది కాదు. 1611 క్రిస్మస్ నాడు రాజు ప్రార్థనకు వచ్చిన వైట్‌హాల్ చాపెల్‌లోనే జేబు కొట్టిన జాన్ సెల్మన్‌ను రెండు వారాలు తిరక్కుండానే ఉరి తీశారు.

అయితే ఆ శాసనంలో ‘తెలియకుండా’ అన్న షరతు ఉందే, అదే నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తుంది. చెయ్యి జేబులో పడ్డట్టు సొమ్ముగలవాడికి తెలిసిపోతే అది ఉరి నేరం కాదు, మామూలు దొంగతనం. తెలియకపోతే ఉరి నేరమే, కానీ అప్పుడు దొంగను చూపించేదెవరు? పక్కన నిలబడ్డవాడు, కూరల బుట్ట ముందు కూర్చున్న ఆడమనిషి, ఎదుటి అంగడివాడు. నిపుణుడైన దొంగ మీద చట్టం సాగాలంటే సంత చూసి ఉండాలి, చూసింది చెప్పాలి. కేక పడితే వెంటబడటం ఊరందరి విధి, కానిస్టేబుల్ ఒక్కడిదే కాదు. పట్టుబడ్డవాణ్ణి జస్టిస్ ఆఫ్ ద పీస్ ముందు నిలబెడితే ఆయన వాంగ్మూలాలు రాసుకుని, విచారణకు వస్తానని సొమ్ము పోయినవాడి చేత పూచీ రాయించుకునేవాడు. అభియోగం నడిపేది అతనే, ఖర్చూ అతనిదే. చివరికి వెల కట్టేది జ్యూరీ. సంచిలో ఎంతున్నా 10 పెన్నీలని వాళ్లు తేలిస్తే ఉరి కాస్తా కొరడా దెబ్బలుగా మారేది.

అబద్ధపు వెల కట్టడం చట్టాన్ని ఎగ్గొట్టడమే కదా అనవచ్చు. అవును, ప్రమాణం చేసి అబద్ధమాడటమే. కానీ ఆ 12 పెన్నీల గీత 13వ శతాబ్దం నాటిది. ధరలు ఎన్నో రెట్లు పెరిగినా పార్లమెంటు దాన్ని కదపలేదు. పాతబడ్డ అంకెను జ్యూరీలు కేసుకొక్కసారి దిద్దాయి. మెడకు బిగిసేది నిజమైన తాడు కనుక ఆ దిద్దుబాటు అవసరమని నా నమ్మకం. జీతమిచ్చి పోలీసును పెట్టి ఉంటే ఇంకా ఎక్కువమంది దొరికేవారు, నిజమే. ఆ శాసనమే అమల్లో ఉండగా దొరికినవాళ్లందరినీ ఏం చేసేవారన్నది కూడా అడగాలి కదా.

నాకు జవాబు కష్టమైన అభ్యంతరం వేరే ఉంది. జనం కనిపెట్టి చూసేది ఎవరిని? తెలిసిన పిల్లవాడికి చీవాట్లు, కొత్త మొహానికి అనుమానం. పని లేకుండా తిరిగేవాణ్ణి నడుం దాకా బట్టలు విప్పి, నెత్తురు వచ్చేదాకా కొరడాతో కొట్టి, సొంత పారిష్‌కు తరమమని 1598 నాటి చట్టం అనుమతించింది. దానికి జ్యూరీ అక్కర్లేదు. ఏ జేబూ కొట్టని మనిషి కూడా పరాయి ఊరివాడైనందుకే ఆ దెబ్బలు తినే వీలుంది. కాబట్టి నా సమర్థన జ్యూరీ ముందుకు వచ్చిన కేసుల దాకానే. మనిషిని అక్కడికి చేరనివ్వకుండానే కొట్టి పంపే ఆ అధికారానికి అది వర్తించదు.