ఉపాధ్యాయుడి ఆత్మవిమర్శ

రచయితకు విమర్శకుడుంటాడు. నటుడికి ప్రేక్షకులుంటారు. తలుపు వేసుకుని 45 నిమిషాలు పాఠం చెప్పే ఉపాధ్యాయుడికి విమర్శకుడెవరు? తనిఖీ అధికారి అని కొందరంటారు. కాని తనిఖీ అధికారి చూసేది రికార్డులను. పాఠం యెలా వున్నదో నిజంగా తెలిసినవాడు విద్యార్థి వొక్కడే. అతన్ని అడిగేవాళ్ళు లేరు. యీ మౌనాన్ని సాహిత్యం యే మేరకు ఛేదించిందో పరిశీలించడమే నా వుద్దేశం.

మన సాహిత్యంలో అత్యంత ప్రసిద్ధుడైన గురువు గిరీశం. 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కం’లో వెంకటేశం పరీక్ష తప్పుతాడు. ఆ వైఫల్యం గిరీశాన్ని వొక్క క్షణమైనా ఆలోచింపజేయదు. పైగా అదే అతనికి కొత్త మకాం సంపాదించిపెడుతుంది. శిష్యుడి వోటమి నుంచి గురువు యేమీ నేర్చుకోకపోవడం గురజాడ వ్యంగ్యంలో వొక ముఖ్యాంశమని నేననుకుంటాను.

దీనికి పూర్తిగా యెదురు నిలిచే పుస్తకం గుజరాతీలో 1930ల తొలి యేళ్ళలో గిజుభాయి బధేకా రాసిన ‘దివాస్వప్నం’. గిజుభాయి వకీలు వృత్తి వదిలి 1916లో భావనగర్‌లోని దక్షిణామూర్తి సంస్థలో చేరినవాడు. కథలో లక్ష్మీరాం అనే ఉపాధ్యాయుడు గొప్ప పథకాలతో నాలుగవ తరగతిలో అడుగుపెడతాడు. మొదటిరోజే నిశ్శబ్దం ఆట ఆడించబోతే పిల్లలు గోల చేస్తారు. పథకం కూలిపోతుంది. అతడు పిల్లల్ని నిందించడు. తన పథకాన్ని తప్పుపట్టుకుంటాడు, మర్నాడు కథ చెప్పడంతో మొదలుపెడతాడు. ఆత్మవిమర్శ అంటే విచారపడటం కాదు, రేపటి పాఠం మార్చడం అని యీ ఘట్టం చెబుతున్నది. యిది ఆ పుస్తకపు బలం.

అయితే బలహీనత కూడా వున్నది. లక్ష్మీరాం తన తప్పుకు తానే సాక్షి, తానే న్యాయాధిపతి. పిల్లల ఉత్సాహం మనకు కనిపిస్తుందిగాని, పిల్లల విమర్శ వినిపించదు.

ఆ విమర్శ వినిపించిన పుస్తకం 1967లో యిటలీలో వచ్చింది. బార్బియానా అనే కొండపల్లెలో లోరెంజో మిలానీ అనే మతాచార్యుడు నడిపిన బడిలో చదివిన యెనిమిదిమంది రైతు పిల్లలు, తమవంటి వాళ్ళను పరీక్షలో తప్పించే పంతులమ్మకు లేఖగా దాన్ని ఉమ్మడిగా రాశారు. వాళ్ళు వట్టి కోపంతో ఆగలేదు. తప్పినవాళ్ళ తండ్రుల వృత్తులేమిటో లెక్కలు తీశారు. పరీక్ష యెవరి పిల్లల్ని బయటికి నెడుతున్నదో అంకెలతో చూపించారు. “తెలివిలేని పిల్లలు” అనే మాట వెనక దాగిన వర్గస్వభావం బయటపడింది. కాని ఆ పంతులమ్మ జవాబు పుస్తకంలో లేదు. గిజుభాయిలో గురువే మాట్లాడాడు, యిక్కడ శిష్యులే మాట్లాడారు. సంభాషణ యింకా మొదలుకాలేదు.

యీ సంభాషణ అవసరం జోగిపేటలో వుండి ఆలోచించేవాడికి మరింత స్పష్టంగా తెలుస్తుంది. 1930లో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ జరిగింది యీ వూళ్ళోనే. ఉర్దూ రాజ్యమేలుతున్న కాలంలో మాతృభాషలో చదువు కావాలని ఆ ఉద్యమం అడిగింది. ఆ కోరిక సారాంశం వొక్కటే: గురువు చెప్పేది పిల్లవాడికి అర్థం కావాలి. నేడు ఆ ప్రశ్న కొత్త రూపంలో వచ్చింది. పటాన్‌చెరు కర్మాగారాలకు ఒడిశా, బీహారుల నుంచి వలస వచ్చిన కూలీల పిల్లలకు తెలుగే పరాయిభాష. 2022-23 నుంచి ప్రభుత్వ పాఠశాలల్లో ఇంగ్లీషు మాధ్యమం వచ్చింది. యిప్పుడు తెలుగు పిల్లవాడు, ఒడియా పిల్లవాడు యిద్దరూ వొకే బెంచీ మీద పరాయివాళ్ళే.

యిటువంటి తరగతిలో “అర్థమైందా?” అని అడిగితే “అయింది సార్!” అని ముక్తకంఠంతో జవాబొస్తుంది. అది అభిప్రాయం కాదు, విధేయత. నిజం తెలియాలంటే పాఠం చివర చిన్న చీటీ యిచ్చి, అర్థంకాని విషయం వొక్కటి వచ్చిన భాషలో, పేరు లేకుండా రాయమనాలి. రాయలేని వాడిచేత బొమ్మ గీయించాలి. తోటి ఉపాధ్యాయుణ్ణి వెనక బెంచీలో కూర్చోబెట్టుకుని, నా పాఠం యెలా వుందని కాక, పిల్లలు యేం చేస్తున్నారో చూసి చెప్పమనాలి. ఆ రాత్రి నాలుగు ముక్కలు తన నోటుబుక్కులో రాసుకుని, మర్నాటి పాఠాన్ని దానికి తగ్గట్టు దిద్దుకోవాలి.

యివేవీ కొత్త సంగతులు కావు. ఉపాధ్యాయులు కలిసి కూర్చుని వొకరి అనుభవం వొకరు పంచుకోవడానికి 1980లలో బ్రిటిష్ సహాయంతో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం ఉపాధ్యాయ కేంద్రాలను నెలకొల్పింది. తరువాత స్కూలు కాంప్లెక్సు సమావేశాలు వచ్చాయి. వేదికకు కొరత లేదు. కాని అక్కడ సర్క్యులర్లు చదువుకోవడంతోనే పొద్దు గడిచిపోతే వేదిక వున్నా వొకటే, లేకున్నా వొకటే. “యీ పాఠం నాకు కుదరలేదు” అన్న మాట రేపు తన మీద అభియోగం అవుతుందని భయమున్నచోట ఉపాధ్యాయుడు నిజం రాయడు. పై అధికారికి చూపించడానికి రాసిన ఆత్మవిమర్శ ఆత్మవిమర్శ కాదు, సంజాయిషీ. అలాగే రెండు మూడు తరగతులను వొక్కడే చూసుకునే ఉపాధ్యాయుణ్ణి ఆలోచించుకోలేదని నిందించడం అన్యాయం. ఆలోచనకు తీరిక కావాలి, ఆ తీరికను యివ్వవలసింది ప్రభుత్వం.

ఉపాధ్యాయుడి యెదుగుదల అతని సొంత వ్యవహారం కాదు. అతడు యెదగని యేడాది వొక తరగతి పిల్లలకు మళ్ళీ రాదు. గిజుభాయి గురువు, బార్బియానా విద్యార్థి వొకే గదిలో కూర్చుని మాట్లాడుకునే తెలుగు నవల యింకా రావలసే వున్నది. అది రాయగలవాళ్ళు మన బడుల్లోనే వున్నారు.