మేరీ స్యూ పుట్టిన పుట: టైపురైటర్ కాలపు ‘స్టార్ ట్రెక్’ అభిమాన పత్రికలు – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: అమెరికాలో 1967 నుంచి 1970ల చివరి వరకు ‘స్టార్ ట్రెక్’ టెలివిజన్ ధారావాహిక వీక్షకులు, ముఖ్యంగా స్త్రీలు, టైపురైటర్‌తో స్టెన్సిల్ కోసి వెలువరించిన కథాపత్రికలు ఈ వ్యాసానికి విషయం. ఆ పత్రికల తయారీ పద్ధతికీ, వాటిలో పుట్టిన విమర్శ పరిభాషకూ గల సంబంధాన్ని ‘ఎ ట్రెక్కీస్ టేల్’ (1973) అనే వ్యంగ్యరచన ఆధారంగా పరిశీలించడం దీని ఉద్దేశం.

కీలకపదాలు: అభిమాన కల్పన, ఫ్యాన్‌జైన్, స్టెన్సిల్, మేరీ స్యూ, స్త్రీల సంపాదకత్వం, వ్యంగ్యానుకరణ

1. ఉపోద్ఘాతం

ఒక రచనలోని పాత్రలను తీసుకొని మరొకరు కొత్త కథ అల్లడం తెలుగు పాఠకునికి వింత కాదు. భారతంలోని శకుంతల కాళిదాసు నాటకంలో వేరొక స్త్రీ అయింది. ఓల్గా ‘విముక్త’ కథల్లో సీత శూర్పణఖను, అహల్యను, ఊర్మిళను కలుసుకొని మాట్లాడుతుంది. ఈ కారణంగా, నేడు ఫ్యాన్ ఫిక్షన్ అని వ్యవహరిస్తున్న అభిమాన కల్పన మన పునఃకథన సంప్రదాయానికి మరో పేరు మాత్రమేనని తేల్చివేయడం తరగతి గదుల్లోను, సదస్సుల్లోను వినిపించే మాట. ఈ పోలికలో సగమే నిజం ఉంది. ఇతిహాసం ఎవరి సొత్తూ కాదు. టెలివిజన్ ధారావాహిక ఒక సంస్థ సొత్తు. ఓల్గా తన పేరుతో, అచ్చు పుస్తకంలో, సాధారణ పాఠకులందరి కోసం రాశారు. అభిమాన పత్రికలో రాసిన స్త్రీ తనలాగే ఆ ధారావాహికను చూసిన కొద్దిమంది కోసం రాసింది. ఆ కథను వేసే ప్రచురణ సంస్థ లేదు కనుక రాసినవారు, వారి స్నేహితులే టైపు చేసి, అచ్చొత్తి, కుట్టి, తపాలాలో వేయవలసి వచ్చింది. ఈ చివరి భేదాన్ని పరిశోధకులు తరచు ముందుమాటలో ఒక వాక్యంతో సరిపెడతారు. నిజానికి ఆ సాహిత్యపు గుణదోష విచారణ మొదలు కావలసింది అక్కడే.

2. స్టెన్సిల్

వైజ్ఞానిక కల్పన అభిమానుల పత్రికలు ‘స్టార్ ట్రెక్’ కంటె చాలా పాతవి. 1930లో షికాగోలో వెలువడిన ‘ది కామెట్’ను తొలి పత్రికగా లెక్కిస్తారు, ఫ్యాన్‌జైన్ అనే పేరు 1940లో వచ్చింది. ఆ పత్రికల్లో వ్యాసాలు, ఉత్తరాలు, వివాదాలు ఎక్కువ. ఫ్యాన్ ఫిక్షన్ అంటే అప్పట్లో అభిమానులను గురించిన కథ, లేదా ఔత్సాహికుడు రాసిన కథ. ఇతరుల పాత్రలతో అల్లిన కథ అనే అర్థం ఆ మాటకు స్థిరపడింది ‘స్టార్ ట్రెక్’ తర్వాతనే. 1966 సెప్టెంబరు 8న మొదలై 1969 జూన్‌లో 79 భాగాలతో ఆగిపోయిన ఆ ధారావాహిక, పాత పత్రికల యంత్రాలను కొత్త చేతులకు అప్పగించింది.

స్టెన్సిల్ అంటే మైనం పూసిన పలుచని కాగితం. టైపురైటర్‌లో రిబ్బన్‌ను పక్కకు తప్పించి కొడితే అక్షరపు అచ్చు నేరుగా మైనాన్ని కోస్తుంది. ఆ కోతగుండా సిరా దిగి కాగితంపై అక్షరం పడుతుంది. తెలుగునాట దీన్నే సైక్లోస్టైల్ అన్నారు. పరీక్ష ప్రశ్నపత్రాలు, సంఘాల కరపత్రాలు ఒక తరంపాటు ఈ విధంగా వచ్చాయి. వేలు గట్టిగా పడితే ఆంగ్లంలోని ‘ఓ’ అక్షరపు నడిమి భాగం ఊడిపోయి కాగితంపై నల్లని చుక్క మిగిలేది. మెల్లగా పడితే అక్షరమే కనబడేది కాదు. తప్పు పడితే దిద్దుడు ద్రవం పూసి, ఆరేదాకా ఆగి, మళ్లీ అదే చోట కొట్టాలి. మాట కింద గీత గీయడం మరీ ప్రమాదం. ఆ గీత వెంట స్టెన్సిల్ చిరిగిపోయేది.

గీత సంగతి చిన్నదిగా కనిపించవచ్చు. కాని ‘స్టార్ ట్రెక్’ కథల్లో పరచిత్తజ్ఞానం ఒక ప్రధాన వస్తువు. వల్కన్ జాతికి చెందిన స్పాక్ ఎదుటివారి మనసును తన మనసుతో తాకగలడు. అక్కడ పలకని మాటను పలికిన మాటనుంచి వేరుచేసి చూపాలి. అచ్చు పుస్తకానికి వాలు అక్షరాలున్నాయి. సాధారణ టైపురైటర్‌కు లేవు. 1961లో వచ్చిన ఐబీఎం సెలెక్ట్రిక్‌లో అక్షరాల గుండును మార్చి వాలు అక్షరాలు కొట్టవచ్చు గాని, అది ఖరీదైన కార్యాలయ యంత్రం. కనుక మనసులోని మాటను ఎలా చూపాలన్నది ఆ రచయిత్రులకు కేవలం శైలికి సంబంధించిన ప్రశ్న కాదు.

సంపాదకురాలి పని కూడా ఈ యంత్రమే నిర్ణయించింది. ఊరూరి నుంచి వచ్చిన కథను ఆమె స్టెన్సిల్‌పై మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా తిరిగి కొట్టవలసిందే. ఏ అచ్చు పత్రిక సంపాదకుడూ అంత దగ్గరగా ప్రతి వాక్యాన్ని చదివి ఉండడు. తర్వాత పుటలను దొంతరలుగా బల్ల చుట్టూ పేర్చి, స్నేహితులు చుట్టూ నడుస్తూ ఒక్కొక్కటి తీసి వరస కట్టేవారు. పిన్నులు కొట్టి, చిరునామాలు రాసేవారు. తపాలా ఖర్చు బరువును బట్టి ఉంటుంది. అంటే కథ పెరిగితే శ్రమా, ధరా రెండూ పెరుగుతాయి. ధర ఖర్చు రాబట్టుకోవడానికే; రచయిత్రికి పారితోషికం ఒక ప్రతి. మన కళాశాలల్లోను, గ్రంథాలయాల్లోను నడిచిన లిఖిత పత్రికతో దీన్ని పోల్చవచ్చు గాని, లిఖిత పత్రికకు ఉండేది ఒకే ప్రతి. అది చేతులు మారేది. స్టెన్సిల్ వందల ప్రతులు ఇచ్చింది. పాఠకురాలు ముఖపరిచయం లేని మనిషి కావడం అందువల్లనే సాధ్యమైంది.

3. ‘స్పాకనేలియా’

1967లో డెవ్రా లాంగ్‌సమ్, షెర్నా కామర్‌ఫోర్డ్ సంపాదకత్వంలో వెలువడిన ‘స్పాకనేలియా’ను పూర్తిగా ‘స్టార్ ట్రెక్’కే అంకితమైన తొలి పత్రికగా చెబుతారు. 1970 వరకు అయిదు సంచికలు వచ్చాయి. స్పాక్ పాత్రధారి లెనార్డ్ నిమోయ్ ఉత్తరం మొదటి సంచికలోనే ఉంది. ధారావాహిక ఇంకా ప్రసారమవుతున్న కాలమది. తయారు చేసేవారికీ చూసేవారికీ మధ్య తర్వాతి కాలంలో పెరిగిన దూరం ఇంకా ఏర్పడలేదు.

ఆ సంచికలో ఎక్కువ గమనించదగినది డొరతీ జోన్స్ చేర్చిన ‘ని వర్’ అనే వల్కన్ మాట. ఒకే వస్తువుకు గల రెండు రూపాలను ఎదురెదురుగా నిలిపే కళారీతికి ఆమె పెట్టిన పేరు అది. దీన్ని ద్వ్యర్థికావ్యంతో పొరబడరాదు. అక్కడ ఒక పదానికి రెండు అర్థాలు, ఇక్కడ ఒక అర్థానికి రెండు రూపాలు. తండ్రి వైపు వల్కన్, తల్లి వైపు మానవుడు అయిన స్పాక్‌ను చదవడానికి ఇంతకంటె తగిన సాధనం ధారావాహిక సృష్టికర్తలు కూడా ఇవ్వలేదు. 2020లో ప్రసారమైన ‘స్టార్ ట్రెక్: డిస్కవరీ’లో వల్కన్ గ్రహానికే ఆ పేరు పెట్టారు. స్టెన్సిల్‌పై పుట్టిన మాట యాభై ఏళ్లకు పైబడి సంస్థ సొత్తులో కలిసింది. కొల్లగొట్టడం ఎప్పుడూ ఒకవైపు నుంచే జరగదనడానికి ఇది చాలు. ప్రేక్షకులను ‘పాఠ్యపు దొంగవేటగాళ్లు’గా హెన్రీ జెంకిన్స్ 1992లో వర్ణించినప్పుడు, వేట సరుకు తిరిగి దివాణానికే చేరే సందర్భానికి ఆ ఉపమానంలో అంతగా చోటు లేకపోయింది.

ఇంకొక విషయం. ఇళ్లలో వీడియో రికార్డర్లు లేని ఆ కాలంలో, ప్రసారమైన భాగాన్ని కావలసినప్పుడు తిరిగి చూసే వీలు లేదు. రచయిత్రి జ్ఞాపకంపైనా, రాసుకొన్న వివరాలపైనా ఆధారపడాలి. 1969లో వెలువడిన ‘స్టార్ ట్రెక్ కంకార్డెన్స్’ అనే పదసూచి అభిమానులు తయారు చేసినదే. మూలపాఠం చేతిలో లేని వ్యాఖ్యాతలు ముందుగా సూచికను కూర్చుకొన్నారు. సొంత కల్పనకు పూనుకొన్న ఔత్సాహికులు పాఠపరిష్కర్తల పనితో మొదలుపెట్టడం సాహిత్య చరిత్రలో తరచు కనిపించే దృశ్యం కాదు.

4. ‘ఎ ట్రెక్కీస్ టేల్’

1973 చివర ‘మెనాజరీ’ రెండవ సంచికలో పౌలా స్మిత్ ఈ చిన్న రచనను ప్రచురించారు. ఆ పత్రికకు ఆమె సహసంపాదకురాలు కూడా. పదిహేనున్నరేళ్ల లెఫ్టినెంట్ మేరీ స్యూ అంతరిక్ష నౌకాదళంలోనే అతి పిన్న వయస్కురాలు. నౌకలో అడుగుపెట్టగానే కెప్టెన్ కర్క్ ఆమెపై మనసు పడతాడు. స్పాక్ ఆమె తర్కానికి అబ్బురపడతాడు. అధికారులందరూ జబ్బుపడితే నౌకను ఆమే నడుపుతుంది, బహుమానాలు పొందుతుంది. చివరకు ఆమే జబ్బుపడి అందరి కన్నీళ్ల మధ్య కన్నుమూస్తుంది. ఆమె పుట్టినరోజు నౌకలో సెలవు దినమవుతుంది.

హాస్యం పాత్రలో లేదు, వేగంలో ఉంది. పెద్ద కథలు ఎన్నో పుటల్లో నెమ్మదిగా కూడబెట్టిన గౌరవాలన్నిటినీ స్మిత్ కొద్ది పేరాల్లో కుక్కారు. కారణాలు తీసివేసి ఫలితాలు మాత్రం వరసగా చెబితే ఏ వీరగాథైనా నవ్వు పుట్టిస్తుంది. కావ్యనాయకుని గుణాలను జాబితాగా చదివినా అంతే. ఇది అనుకరణ పద్ధతిలో చేసిన విమర్శ. ఒకే కథను పదేపదే చదివి అలసిన సంపాదకురాలి కన్ను అందులో ప్రతి వాక్యంలోను కనిపిస్తుంది. యువ నాయిక నౌకకు వచ్చి అందరినీ జయించే కథలు ఆనాటి పత్రికల్లో పదేపదే వస్తుండేవి. అలాంటి కథ ఒక్కొక్కటీ ఎవరో ఒక స్త్రీ స్టెన్సిల్‌పై అక్షరం అక్షరం కొట్టినదే, ఎవరో బల్ల చుట్టూ నడిచి వరస కట్టినదే. ఈ నేపథ్యంలో చదివితే ‘ఎ ట్రెక్కీస్ టేల్’ తోటి పనివారిపై విసిరిన చమత్కారం. కథనశిల్పానికి సంబంధించిన న్యాయమైన ఫిర్యాదు కూడా. ఇతర పాత్రలు ఒకరిని పొగడటానికి మాత్రమే బతికి ఉంటే కథలో సంఘర్షణ మిగలదు.

మేరీ స్యూ అనే పేరు ఆ పుట దాటి వెళ్లడంతో చిక్కు మొదలైంది. నిర్దిష్టమైన కథనలోపానికి పెట్టిన పేరు, కథలో ప్రధానంగా కనిపించే ఏ స్త్రీ పాత్రకైనా తగిలించే ముద్ర అయింది. 1992 నాటి ‘ఎంటర్‌ప్రైజింగ్ విమెన్’ గ్రంథంలో కమీల్ బేకన్-స్మిత్ ఈ ముద్ర భయంతో స్త్రీ పాత్రలను సృష్టించడానికే వెనుకాడిన రచయిత్రులను గురించి రాశారు. స్త్రీలు నడిపిన పత్రికల్లో స్త్రీ పాత్రకు చోటు కరవు కావడం ఈ చరిత్రలోని అత్యంత విషాదకరమైన పరిణామం. కర్క్ కూడా పిన్న వయసులోనే కెప్టెన్ అయినవాడే. గ్రహానికొక ప్రేయసి, భాగానికొక విజయం. ఆయనను ఎవరూ రచయిత కలగా తీసిపారేయలేదు. 1960-70లలో యద్దనపూడి సులోచనారాణి నవలలను ‘కలల నాయకుడు’ అన్న ఒక్క మాటతో పక్కన పెట్టిన తెలుగు విమర్శను ఎరిగినవారికి ఈ పక్షపాతం కొత్తగా తోచదు. అక్కడ ముద్ర బయటి విమర్శకులు వేసినది, ఇక్కడ లోపలినుంచే పుట్టినది.

ఈ బాధ్యతను స్మిత్‌పై మోపడం సరికాదు. ఆమె రాసినది సూత్రం కాదు, ఒక సంచికలో హాస్యానికి వేసిన చిన్న రచన. ఆ సంచికను చేతిలో పట్టుకొన్నవారికి దాని ముందు వెనుకల కథలు, ఉత్తరాలు, బొమ్మలు కనిపించాయి. వ్యంగ్యం చేసినవారు, వ్యంగ్యానికి గురైనవారు ఒకే చందాదారుల పట్టికలో ఉన్నారు. ఆ పట్టిక పోయాక మిగిలిన పేరు తిట్టుగా మారింది.

5. దాచిన పేర్లు

ఇదే కాలంలో మరో దారి కూడా తెరుచుకొంది. 1974లో ‘గ్రప్’ మూడవ సంచికలో ఆస్ట్రేలియాకు చెందిన డయాన్ మార్చంట్ రాసిన ‘ఎ ఫ్రాగ్మెంట్ అవుట్ ఆఫ్ టైమ్’ వెలువడింది. అందులో ఇద్దరి మధ్య ప్రణయ సన్నివేశం ఉంది గాని పాత్రల పేర్లు లేవు. వారు కర్క్, స్పాక్ అని పాఠకులే గ్రహించాలి. ఇద్దరు పురుషుల ప్రణయాన్ని చిత్రించే, స్లాష్ అని పిలిచే కథాప్రక్రియకు దీన్ని తొలి ప్రచురిత రచనగా పరిగణిస్తారు. పేరున్న నాయికను సృష్టిస్తే పరిహాసం. పేరులేని పురుషులను సృష్టిస్తే మౌనం. స్త్రీల కోరికకు ఆ పత్రికల్లో దొరికిన రెండు రూపాలివి. ఈ రెంటినీ విడివిడి అధ్యాయాల్లో చర్చించే పద్ధతి వల్ల వీటి మధ్య గల సంబంధం మరుగున పడుతోంది. స్లాష్ పుట్టుకకు మేరీ స్యూ భయమే ఏకైక కారణమనడం అతి సరళీకరణ అవుతుంది. అయినా తన ప్రతినిధిగా స్త్రీని నిలపలేని రచయిత్రి తన భావతీవ్రతను ఇద్దరు పురుషుల మధ్యకు తరలించడంలో ఆ భయానికి పాలు లేదనలేం.

1976లో బాంటమ్ సంస్థ ‘స్టార్ ట్రెక్: ది న్యూ వాయేజెస్’ పేరుతో అభిమానుల కథలను అచ్చు పుస్తకంగా తెచ్చింది. కొన్ని కథలు బయటి పాఠకులకు చేరాయి. అచ్చులో వాలు అక్షరాలు కూడా దొరికాయి. కాని ఆ కథల చుట్టూ ఉండిన ఉత్తరాలు, చేతి బొమ్మలు, సంపాదకీయ విసుర్లు అందులోకి రాలేదు. నేడు ‘ఎ ట్రెక్కీస్ టేల్’ సంకలనాల్లో, పాఠ్యాంశాల్లో ఒంటరిగా దొరుకుతోంది. అది ఎగతాళి చేసిన కథలు మాత్రం అయోవా విశ్వవిద్యాలయం వంటి చోట్ల భద్రపరచిన పాత పత్రికల పెట్టెల్లో వెతకవలసినవి. మిమియోగ్రాఫ్‌కు వాడిన చౌక కాగితం ఏళ్లు గడిచేకొద్దీ పసుపుబారి పెళుసవుతుంది. స్పిరిట్ డూప్లికేటర్‌పై తీసిన ఊదారంగు అక్షరాలు వెలుతురు తగిలితే వెలిసిపోతాయి.