తాతగారి కత్తికి చింతపండు పెట్టకండి

దసరా దగ్గర పడుతుంటే కొన్ని పాత ఇళ్లలో అటక మీది కత్తి కిందికి దిగుతుంది. సంస్థానంలోనో, నిజాం కొలువులోనో, జమీందారు దగ్గరో పనిచేసిన ముత్తాత ఆయుధం అది. ఆయుధపూజకు ముందు దాన్ని బాగుచేయాలన్న ఉత్సాహంతో ఇంట్లోవాళ్లు ఇత్తడి బిందెను తోమినట్టు చింతపండు, ఇటుకపొడి వేసి రుద్దుతారు. అరగంటలో కత్తి తళతళలాడుతుంది. ఆ అరగంటలో ఏం పోయిందో మాత్రం ఎవరికీ తెలియదు. బిందె విలువ దాని లోహంలో ఉంది, ఎంత తోమినా తగ్గదు. పాత కత్తి విలువ పైపొరలో ఉంది. వెంట్రుక మందం కూడా లేని ఆ పొరలోనే ఉక్కు అల్లిక, బంగారు తీగ, ఆయుధశాల గుర్తు, వాడిన చేతుల జాడ అన్నీ ఉంటాయి.

ఆ పొర ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే ఉక్కు పుట్టుక దగ్గరికి వెళ్లాలి. నిజామాబాద్ జిల్లాలో కోనసముద్రం అనే ఊరుంది. ఒకప్పుడు ఈ ఊరి ఉక్కు కోసం పర్షియా నుంచి వర్తకులు వచ్చేవారు. పదిహేడో శతాబ్దపు ఫ్రెంచి యాత్రికుడు తావెర్నియే, పర్షియాలో చారలు తేలే కత్తులకు పనికొచ్చే ఉక్కు గోల్కొండ రాజ్యం నుంచే వస్తుందని రాశాడు. త్రికోణమితి సర్వేలో వైద్యుడిగా, భూగర్భ శాస్త్రజ్ఞుడిగా పనిచేసిన హెన్రీ వాయ్‌సీ ఈ ఊరి కొలుములను స్వయంగా చూశాడు. ఆయన రాసిపెట్టుకున్న వివరణ, ఆయన చనిపోయాక 1832లో కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఉక్కు కొనడానికి వచ్చి అక్కడే మకాం వేసిన పర్షియా వర్తకుడొకరు, తమ దేశంలో ఈ ఉక్కును చేయాలని ప్రయత్నించి విఫలమయ్యారని వాయ్‌సీతో చెప్పాడట.

కోనసముద్రం పద్ధతి దక్షిణాదిలోని మిగతా పద్ధతులకు భిన్నమైనది. మైసూరు, సేలం వైపు మెత్తని ఇనుము ముక్కలతో పాటు తంగేడు కర్ర, జిల్లేడు ఆకులు మట్టి మూసలో పెట్టి మూతి మూసి కాల్చేవారు. ఆకూ కర్రా కాలి ఇచ్చిన బొగ్గు ఇనుములో కలిసి ఉక్కయ్యేది. తెలంగాణ కమ్మరులు రెండు వేర్వేరు చోట్ల తీసిన ఇనుములను మూడు పాళ్లు ఒకటి, రెండు పాళ్లు మరొకటి చొప్పున మూసలో వేసి, తోలు తిత్తులు ఊదుతూ రాత్రీ పగలూ ఒక్కటి చేసి కరిగించేవారు. కరిగిన లోహాన్ని కొలిమిలోనే మెల్లగా చల్లారనిచ్చేవారు. చల్లారిన బిళ్లను మట్టితో కప్పి మళ్లీ గంటల తరబడి కాచేవారు. బిళ్ల సుత్తి దెబ్బకు లొంగేదాకా ఈ కాచడం మూడు నాలుగు సార్లు సాగేది. ఇందులో తొందర అన్న మాట లేదు. చారల రహస్యమంతా ఆ నిదానంలోనే ఉందని తరవాతి శాస్త్రజ్ఞులు తేల్చారు.

ఈ ఉక్కులో కార్బన్ సుమారు ఒకటిన్నర శాతం ఉంటుంది. మామూలు కత్తుల ఉక్కు కంటే ఇది బాగా ఎక్కువ. మెల్లగా చల్లారి, ఎర్రటి వేడి దాటకుండా పదేపదే సాగగొట్టినప్పుడు ఇనుము, కార్బన్ కలిసిన గట్టి రేణువులు వరసలు కడతాయి. చారలంటే ఆ వరసలే. ఐరోపా కమ్మరులు తమ అలవాటు కొద్దీ దీన్ని తెల్లగా కాల్చి కొడితే బిళ్ల ముక్కలు ముక్కలయ్యేది. మైఖేల్ ఫారడే 1819లో ఈ ఉక్కును విశ్లేషించి, ఆ తరవాతి ఏడాదుల్లో దీనికి సాటివచ్చే మిశ్రమం కోసం ప్రయోగాలు చేశాడు. ముడి ఇనుములో అతి సూక్ష్మంగా ఉండే వనేడియం వంటి మూలకాలే ఆ రేణువులను వరసలో నిలుపుతాయని 1990ల్లో అమెరికా లోహశాస్త్రజ్ఞుడు జాన్ వెర్హోవెన్, కత్తుల కమ్మరి ఆల్ఫ్రెడ్ పెండ్రే కలిసి చూపారు. వనేడియం పేరు కూడా వినని కోనసముద్రం కమ్మరి, ఏ గని ఇనుము ఎన్ని పాళ్లు కలిపితే చార తేలుతుందో చేత్తో ఎరిగినవాడు. నాకు ఆ మనిషి మీద ఉన్న గౌరవం ఏ చక్రవర్తి మీదా లేదు.

చార కత్తిలో ఉంటే చాలదు, బయటికి తేలాలి. కత్తిని నున్నగా మెరుగుపెట్టి అన్నభేది నీళ్లు పూసేవారు. ఆ రసానికి మామూలు ఉక్కు నల్లబడుతుంది, గట్టి రేణువుల వరసలు తెల్లగా నిలబడతాయి. చూడగా సన్నని అలల అల్లిక కనిపిస్తుంది. ఈ నలుపు తెలుపుల తేడా అంతా పైమెరుగుదే. గరుకు కాగితంతో ఒక్కసారి రుద్దితే చార మాయమవుతుంది. లోపల ఉక్కు అలాగే ఉన్నా, మూడు వందల ఏళ్ల నాటి మెరుగు మళ్లీ రాదు.

ఇక మన ఇంటి కత్తి ఎటువంటిదో పోల్చుకోవడం. తెలుగు ఇళ్లలో ఎక్కువగా కనిపించేది తల్వార్: వంపు తిరిగిన ఒంటివాదర కత్తి, ఇనుప పిడి, పిడి చివర గుండ్రని చదునైన బిళ్ల. పిడి ఇరుకుగా ఉండి చేతికి పట్టదనిపిస్తే చిన్నపిల్లల కత్తేమో అనుకోకండి. ఆ ఇరుకు కావాలని పెట్టినదే. బిళ్ల మణికట్టును ఆపుతుంది, అందువల్ల దెబ్బ లాగి కోసేలా పడుతుంది. తిన్నగా పొడవుగా, రెండు వైపులా పదునుతో ఉంటే దాని అలుగు, అంటే పిడి ముందున్న రేకు, ఐరోపాలో చేసినదై ఉండవచ్చు. దక్కను సైన్యాలు అలాంటి అలుగులకు ఇక్కడి పిడి తొడిగి వాడేవి. పిడికిలి బిగించి అడ్డంగా పట్టుకుని నేరుగా పొడిచేది కటారి.

అలుగు మీద కిటికీ వెలుతురు ఏటవాలుగా పడేలా పట్టుకుని భూతద్దంతో చూడండి. పొరలు మడిచి అతికిన ఉక్కులో గీతలు ఎక్కడా తెగకుండా సాగుతాయి. మూస ఉక్కులో అల్లిక సన్నగా, తెగుతూ కలుస్తూ పోతుంది. ఈ మధ్య బజారులో అమ్మే అలంకారపు కత్తులకు యాసిడ్‌తో గీసిన నకిలీ చారలుంటాయి. వాదర వంపు దగ్గర అవి ఠక్కున ఆగిపోతాయి, అసలు చార వంపుతో పాటు తిరుగుతుంది. పిడి చివర మర, నట్టు కనిపిస్తే ఆ పిడి పాతది కాదు. పాత తల్వార్‌లో అలుగు తోక పొట్టిగా ఉంటుంది, దాన్ని పిడి బోలులో లక్కతో బిగిస్తారు. మెల్లగా ఊపితే లోపల కదులుతోందంటే లక్క ఎండి పొడైందన్నమాట. నకిలీ అని అర్థం కాదు. బిగించడానికి గ్యాసు మంట మీద పెట్టేవాళ్లున్నారు. ఆ వేడికి పదును పోతుంది, పిడి మీది బంగారు పని ఊడిపోతుంది.

పిడి కింది వైపు, అలుగు మొదలు తప్పకుండా చూడాలి. సన్న పోటులతో కొట్టిన చుక్కల అక్షరాలు ఉండవచ్చు. కొన్ని ఆయుధశాలల పద్ధతి అది. రాజస్థాన్‌లోని బికనీర్ ఆయుధశాల నుంచి వెళ్లి ఇవాళ విదేశీ మ్యూజియంలలో ఉన్న కటారుల మీద, కవచాల మీద దేవనాగరి చుక్కల్లో ఒక సంగతి ఉంటుంది. 1689లో మహారాజా అనూప్ సింగ్ వాటిని ఆదోనిలో చేజిక్కించుకున్నాడని. మన కర్నూలు సీమలోని ఆదోని కోటే అది. ఎవరో రుద్ది మెరుగుపెట్టి ఉంటే ఆ ఆయుధాలు ఎక్కడివో ఈపాటికి చెప్పగలిగేవాళ్లే ఉండరు.

శుభ్రం చేయడానికి ముందు చట్టం సంగతి ఒకటి. 1959 ఆయుధ చట్టం కింద తొమ్మిది అంగుళాలు దాటిన అలుగు ఆయుధమే. ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రాంతాల్లో దానికి లైసెన్సు కావాలి, కనుక మీ ప్రాంతం సంగతి పోలీసు అధికారులను అడిగి తెలుసుకోండి. నూరేళ్లు దాటితే 1972 నాటి చట్టం ప్రకారం అది పురావస్తువు, ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. అమెరికాలో ఉన్న మనవడికి సామానులో పెట్టి పంపుదామనుకునే కుటుంబాలకు ఈ మాట ముందే చెప్పాలి.

ఇప్పుడు పని. ముందు అన్ని వైపులా ఫోటోలు తీసుకోండి. నూలు చేతితొడుగులు జారతాయి, పలచని నైట్రైల్ తొడుగులు మేలు. చెమటలోని ఉప్పు చాలు, వేలిముద్ర ఆకారంలోనే తుప్పు పుడుతుంది. కత్తిని మెత్తటి దుప్పటి మీద పరిచి, మెత్తని బ్రష్షుతో దుమ్ము మాత్రం దులపండి. చాలా కత్తుల మీద గోధుమరంగు జిడ్డు అట్టకట్టి ఉంటుంది. ఏళ్ల తరబడి పూసిన కొబ్బరినూనె, నువ్వులనూనె ఎండి అలా అవుతాయి. దూదిపుల్లకు కొద్దిగా స్పిరిట్ అద్ది, కనపడని మూల ఒకచోట పరీక్షించి, ఆ తరవాత జానెడు చొప్పున తీయండి. లక్కకు, మీనాకారీ రంగులకు, ఒర మీది మఖమలుకు స్పిరిట్ తగలకూడదు. లక్క అందులో కరుగుతుంది.

తుప్పులో రెండు రకాలున్నాయి. నల్లగా, గట్టిగా, నున్నగా అంటుకుని ఉన్నది కత్తికి కాపు, దాన్ని ముట్టుకోవద్దు. నారింజ రంగులో పొడిలా రాలేది బతికున్న తుప్పు. దాని మీద పలచని మిషను నూనె చుక్క వేసి, రెండు మూడు రోజులు నానబెట్టి, వెదురు పుల్లను ఉలిలా చెక్కి దాని మొనతో మెల్లగా లేపాలి. వెదురు ఉక్కు కంటే మెత్తన, అందుకని గీత పడదు. లేవనంటే మళ్లీ నూనె, మళ్లీ ఎదురుచూపు. ఇనుప పీచు, గరుకు కాగితం, తీగ బ్రష్షు, తుప్పు తీసే రసాయనాలు, నిమ్మకాయ, వెనిగర్ ఏదీ దగ్గరికి రానీయకూడదు. చార తేల్చి చూద్దామని ఇంట్లో యాసిడ్ పూయడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. కొందరు సేకరణకారులు అలుగు మీద చిన్న చదరంలో మెరుగుపెట్టి చార చూసుకుంటారు. నాకది ససేమిరా నచ్చదు. ఆ చదరం కత్తి మీద శాశ్వతంగా మచ్చగా నిలిచిపోతుంది.

పిడి మీద కోఫ్త్‌గరి అనే బంగారు పని ఉంటే ఇంకా జాగ్రత్త. కోఫ్త్‌గరి పనివాడు ఇనుము మీద అడ్డదిడ్డంగా సన్నని గాట్లు పెట్టి, వాటి మీద బంగారు తీగ పరిచి సుత్తితో అద్దుతాడు. బంగారాన్ని పట్టి ఉంచేది ఆ గాట్ల గరుకు ఒక్కటే. అందుకే తోమితే ముందు పోయేది బంగారమే. చాలా పిడుల మీద గాట్లు మిగిలి పువ్వులు మాయమై కనిపిస్తాయి. అవి యుద్ధంలో అరిగినవి కావు, పండగలకు తోమి అరగదీసినవి. బంగారం కింద తుప్పు పొంగుతుంటే మీరు పుల్ల పెట్టకండి, మ్యూజియం పరిరక్షణ నిపుణుడికి చూపించండి.

అంతా అయ్యాక పలచగా మైక్రోక్రిస్టలైన్ మైనం పూసి మెత్తటి గుడ్డతో తుడవాలి. బ్రిటిష్ మ్యూజియంలో 1950ల్లో తయారైన రకం ఇప్పుడు ఇక్కడా దొరుకుతుంది. మైనం ఆరిపోతుంది, దుమ్ము పట్టదు, నూనె కంటే ఎక్కువ కాలం నిలుస్తుంది. అలుగును ఒరలో పెట్టి దాచకండి. తోలు, కర్ర తేమ పీల్చుకుని ఉక్కును లోపల్లోపల తినేస్తాయి. ఒరను పక్కన విడిగా, అలుగును ఆమ్లం లేని కాగితంలో చుట్టి, పక్కన సిలికా జెల్ పొట్లం పెట్టండి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి ఉప్పుగాలి ఊళ్లలో నాలుగైదు నెలలకోసారి, వానాకాలం తరవాత తప్పనిసరిగా తీసి చూడాలి.

మరి పూజ సంగతి? తడి కుంకుమ, పసుపు, వాదరకు గుచ్చిన నిమ్మకాయ, పైన చల్లిన నీళ్లు, ఇవి ఒక్క రాత్రి ఉంటే చాలు, మరకలు మచ్చలవుతాయి. పట్టుగుడ్డ పరిచి, మైనం పూసిన కత్తిని దాని మీద ఉంచి, బొట్టు ఆ గుడ్డకు పెట్టండి, పువ్వులు పళ్లెంలో ఉంచండి. పూజయ్యాక పొడిగుడ్డతో తుడిచి లోపల పెట్టేటప్పుడు, ఈ కత్తి ఎవరిది, ఎవరి ద్వారా వచ్చింది, ఇంట్లో దాని గురించి ఏం చెప్పుకుంటారు అన్నది కాగితం మీద తేదీతో రాసి, తీసిన ఫోటోలతో పాటు అదే పెట్టెలో ఉంచండి.