గెరాసిం భుజాలు

మొన్న తోటి ఉపాధ్యాయుడొకాయన పోయారని తెలియగానే, ఆ ఖాళీకి బదిలీ పెట్టుకోవచ్చునన్న ఆలోచన నాకు వచ్చింది. టాల్‌స్టాయ్ ‘ఇవాన్ ఇల్యిచ్ మరణం’ (1886) మొదలయ్యేదీ ఇక్కడే: న్యాయాధికారి పోయాడని వినగానే సహోద్యోగులు ఆ పదవి ఎవరికి దక్కుతుందా అని లెక్కలు వేస్తారు. దీన్ని వేదాంతకథ అని పక్కన పెట్టేవారితో నేను ఏకీభవించను.

నలభైఅయిదేళ్ల ఇవాన్‌ను రోగంకన్నా ఎక్కువగా పీడించింది చుట్టూ ఉన్నవారి అబద్ధం. ఆ అబద్ధంలో చేరనివాడు పల్లె నుంచి వచ్చిన పనివాడు గెరాసిం. అందరం పోయేవాళ్లమేనని ఎరిగినవాడు గనుకనే రోగి కాళ్లను రాత్రంతా భుజాన మోస్తాడు. ముగింపులోని వెలుగు రచయిత విశ్వాసం. నాకు మాత్రం కథ బలమంతా ఆ భుజాల్లోనే కనిపిస్తుంది. చావు ఎరుక మనిషిని విరాగిని చెయ్యనక్కరలేదు. సాటిమనిషికి పనికివచ్చేవాణ్ణి చెయ్యగలదు.

బదిలీ దరఖాస్తు నేను పెట్టలేదు. ఆయన ఇంటికి వెళ్లి వచ్చాను.