మొహానికి రంగు

ఈ వారం ఒక మాట విని మనసు చివుక్కుమంది. ఏలూరులో ఒక నాటక సమాజం రిహార్సల్సు జరుగుతున్నాయి. కాలేజీ కుర్రాడొకడు వచ్చి, "ఏదైనా చిన్న వేషం ఇవ్వండి మాస్టారూ" అని అడిగాడు. "వేషం సంగతి తర్వాత చూద్దాం, ముందు ప్రాంప్టింగ్ చెయ్యి నాయనా" అని కార్యదర్శిగారు పుస్తకం అందించబోయారు. "వేషముంటేనే వస్తానండీ" అని చెప్పి వాడు వెళ్లిపోయాడు.

ఈ శీర్షిక చదివేవాళ్లకి నా బాధ వేరే చెప్పక్కర్లేదు. కరపత్రం మీద దాతల పేర్లు లావు అక్షరాల్లో ఉంటాయి, ప్రాంప్టరు పేరు ఏ మూలా కనపడదని ఏళ్లుగా మొత్తుకుంటున్నాను. నాటకాన్ని నిలబెట్టేది తెర వెనక మనుషులేనని నా నమ్మకం. ఆ నమ్మకం నాకు కొల్లేటి ఒడ్డున కుదిరింది.

చిన్నప్పుడు ఒక లంక గ్రామంలో బలిజేపల్లివారి 'సత్య హరిశ్చంద్రీయం' చూశాను. చుట్టుపక్కల ఊళ్ల జనం దోనెల మీద వచ్చి గట్టు మీద చాపలు పరిచారు. కాటిసీను వచ్చేసరికి తెల్లవారుజాము. నటులు ఆ సీనులో జాషువా పద్యాలు కూడా కలుపుకుంటారు కాబట్టి అది ఎంతకీ తెమలదు. నాకు సైడువింగు పక్కనే చోటు దొరికింది. లోపల లాంతరు వెలుగులో పుస్తకం పట్టుకుని ఒక పెద్దాయన కూర్చున్నారు. హరిశ్చంద్రుడు ఒక పద్యం ముగించి రాగం తీస్తున్నాడు. తర్వాతి పద్యం ఆయనకి గుర్తు రావడం లేదు. అది ముందుగా పసిగట్టింది హార్మోనిస్టు. ఆయన ఆ స్వరం దగ్గరే పట్టు వదలకుండా నిలబడ్డాడు. పెద్దాయన తొందరపడలేదు. రాగం తగ్గే క్షణం దాకా ఆగి, రెండక్షరాల ఎత్తుగడ మాత్రం అందించారు. అంతే, పద్యం పరుగెత్తింది. జనం 'వన్స్ మోర్' అన్నారు. ముందే అందిస్తే రాగం చెడుతుంది, ఆలస్యమైతే నటుడి పరువు పోతుంది, ఎక్కువ చెబితే ముందు వరసలోవాళ్లకి వినపడుతుంది. ఆ కొలత పుస్తకంలో ఉండదు.

ఈ కథ చెప్పి, వేషాల మోజు మానండిరా అని కుర్రాళ్లకి బుద్ధి చెబుదామనే కలం పట్టాను. కానీ రాస్తుంటే ఆ పెద్దాయన గురించి తర్వాత విన్నది గుర్తొచ్చింది. చిన్నతనంలో ఆయన అదే నాటకంలో లోహితాస్యుడు. గొంతు మారాక వేషాలు రాలేదు, అయినా సమాజాన్ని విడిచి వెళ్లలేకపోయారు. ముందు మొహానికి రంగు పడింది, పుస్తకం చేతికొచ్చింది ఆ తర్వాతే.

బందా కనకలింగేశ్వరరావుగారి జీవితమూ ఇదే చెబుతుంది. ఆటపాక పేరు చెబితే ఇవాళ అందరికీ పెలికాన్లే గుర్తొస్తాయి. 1907లో బందావారు పుట్టిన ఊరు కూడా అదే. ఏలూరులో వకీలు. 'చింతామణి'లో బిల్వమంగళుడిగా పేరు మోశారు, 1937లో వచ్చిన సినిమాలో సారంగధరుడు వేశారు. ఆ వేషాల మమకారమే ఆయనచేత ఏలూరులో ప్రభాత్ థియేటర్ పెట్టించింది, కూచిపూడిలో సిద్ధేంద్ర కళాక్షేత్రం నిలబెట్టించింది. 1964లో సంగీత నాటక అకాడమీ ఆయన్ని సత్కరించింది నటుడిగానే. అయినా మనకి ఎక్కువ మిగిలింది ఆయన తెర వెనక చేసిన పని. రేలంగిగారూ అంతే. కాకినాడ యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాల్లో నటించిన మనిషి, సినిమాల్లో సంపాదించాక తాడేపల్లిగూడెంలో థియేటరు కట్టారు, 1975లో ఆ ఊళ్లోనే కన్నుమూశారు. నటించాలన్న ఆకలి తీరినవాళ్లే పక్కవాడి కోసం చోటు కట్టారు.

అందుకే ఇప్పుడు కార్యదర్శుల వైపు తిరిగి ఒక మాట అడుగుతున్నాను. కొత్తవాడికి ఇవ్వడానికి మన దగ్గర వేషం ఏదీ? పరిషత్తు పోటీలకి వెళ్లే నాటికలో పాత్రలు అయిదారుకి మించవు. మనిషి పెరిగితే దారిఖర్చు పెరుగుతుంది, బహుమతి కావాలంటే ఆ అయిదుగురూ ఆరితేరినవాళ్లే కావాలి. కాంట్రాక్టు పద్యనాటకానికైతే ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అందరూ బయటి ఊళ్ల నుంచే దిగుతారు. ఊళ్లో కుర్రాడికి మిగిలేది కుర్చీలు మొయ్యడం. వేషం లేనిచోట మోజు తప్పని ఎలా అంటాం?

సమాజం ఏడాదికొక్కసారైనా ఊరివాళ్లతోనే నిండా పాత్రలున్న నాటకం ఆడాలి. ఒక్క మాట ఉన్న భటుడి వేషమైనా ఇవ్వండి, రిహార్సల్సు ఒక్కటీ మానకూడదన్న షరతు పెట్టండి. బల్లెం పట్టుకుని సభలో నిలబడ్డ భటుడు తన మాట కోసం కాచుకుంటూ అందరి పద్యాలూ వింటాడు. ఎవరు ఎక్కడ తడబడతారో, హార్మోనిస్టు ఎక్కడ ఆదుకుంటాడో వాడికి తెలిసినంతగా దర్శకుడికీ తెలియదు. నాటకం అయ్యేసరికి పుస్తకమంతా వాడి నోట్లో ఉంటుంది. ప్రాంప్టరు తయారయ్యేది అలాగే.