అనువాదం ముగిసిన చోట: ఉస్మానియా విజ్ఞాన పాఠ్యప్రణాళికపై ఒక పరిశీలన

విద్యాసంస్కరణ ప్రస్తావన వచ్చినప్పుడల్లా ముస్లిమ్ సమాజంలో ప్రధానంగా రెండు ప్రతిపాదనలు వినవస్తుంటాయి. విజ్ఞానశాస్త్రాన్ని మాతృభాషలో బోధించాలన్నది మొదటిది. పాఠ్యపుస్తకాలలో ముస్లిమ్ శాస్త్రజ్ఞుల పేర్లు చేర్చాలన్నది రెండవది. రెండూ న్యాయమైన కోరికలే. అయితే ఇవి నెరవేరినంత మాత్రాన పాఠ్యప్రణాళిక సంస్కరణ పూర్తి అయినట్లేనా? ఈ ప్రశ్నకు సమాధానం కోసం దూరదేశాలకు పోనవసరం లేదు. హైదరాబాదు నగరంలోనే సుమారు మూడు దశాబ్దాలపాటు ఒక గొప్ప ప్రయోగం జరిగింది. దానిని పొగిడేవారూ తెగిడేవారూ చాలామంది ఉన్నారు గాని, పాఠ్యప్రణాళికగా దానిని పరిశీలించినవారు తక్కువ.

దారుత్తర్జుమా సాధించినది

నిజామ్ మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1917లో ఉర్దూ మాధ్యమంగా విశ్వవిద్యాలయ స్థాపనకు అనుమతించారు. బోధనకు కావలసిన పుస్తకాలు లేవు గనుక, ఆ ఏడే మౌల్వీ అబ్దుల్ హఖ్ నాయకత్వాన దారుత్తర్జుమా, అనగా అనువాద సంస్థ, ఏర్పడింది. 1919లో తరగతులు మొదలయ్యాయి. ఇంగ్లీషు తప్పనిసరి భాషగా నిలిచింది గాని, బోధన ఉర్దూలో సాగింది. ఒక భారతీయ భాషలో ఉన్నత విద్య అంతటినీ బోధించగలమని ఆ రోజులలో నమ్మినవారు కొద్దిమందే. గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, వైద్యం, ఇంజనీరింగు విషయాలలో పుస్తకాలు ఒకటొకటిగా సిద్ధమయ్యాయి.

పారిభాషిక పదాల విషయంలో నాటి పండితులు పడిన శ్రమ అసామాన్యం. పదాలన్నీ అరబ్బీ ధాతువుల నుండే రావాలని ఒక వర్గం వాదించింది. ఉర్దూ స్వభావం వేరనీ, పారశీక, హిందీ పదాలతో ఉపసర్గలు, ప్రత్యయాలు చేర్చి సమాసాలు కట్టవచ్చుననీ వహీదుద్దీన్ సలీమ్ తన ‘వజ్‌యె ఇస్తిలాహాత్’ గ్రంథంలో నిరూపించ బూనుకున్నారు. ఇది కేవలం వ్యాకరణ వివాదం కాదు. విద్యార్థి ఒక పదాన్ని చూడగానే దాని అర్థం ఊహించగలగాలా, లేక కంఠస్థం చేయాలా అన్నది అందులోని అసలు ప్రశ్న.

దేశభాషలో చదివినవాడు శాస్త్రంలో వెనుకబడతాడన్న వాదానికి ఉస్మానియా గట్టి జవాబే ఇచ్చింది. అక్కడ ఉర్దూలో గణితం చదివిన రజీయుద్దీన్ సిద్దీఖీ కేంబ్రిడ్జికి వెళ్ళారు. లైప్‌జిగ్‌లో హైజెన్‌బర్గ్ వద్ద పరిశోధన చేశారు. తిరిగివచ్చి తాను చదివిన విశ్వవిద్యాలయంలోనే ఆచార్యులయ్యారు. కనుక లోపం భాషలో లేదు. లోపం వేరే చోట్ల ఉంది.

రెండు వెలితులు

మొదటి వెలితి అందరికీ తెలిసినదే. మాతృభాష పేరిట వచ్చిన సంస్కరణ సంస్థానంలోని అత్యధిక సంఖ్యాకుల మాతృభాషను విడిచిపెట్టింది. తెలుగు, మరాఠీ, కన్నడం మాట్లాడే బాలునికి ఉర్దూ కూడా నేర్చుకోవలసిన భాషే. ఇంగ్లీషు వలన ఉర్దూ విద్యార్థికి కలుగుతుందన్న కష్టమే ఉర్దూ వలన తెలుగు విద్యార్థికి కలిగింది. ఒక సూత్రాన్ని తనకు వర్తింపజేసుకుని పొరుగువానికి వర్తింపజేయకపోవడం న్యాయం కాదు. 1948 తరువాత మాధ్యమం ఇంగ్లీషుకు మారినప్పుడు ఉర్దూను కాపాడుకోవాలన్న పట్టుదల ప్రజలందరి నుండి రాకపోవడానికి ఇదీ ఒక కారణమని ఒప్పుకోవాలి.

రెండవ వెలితి అంతగా చర్చకు రాలేదు. అనువాదానికి ఎన్నుకున్న విజ్ఞాన గ్రంథాలు చాలావరకు నాటి ఇంగ్లీషు మాధ్యమ కళాశాలల పాఠ్యగ్రంథాలే. భాష మారింది. పాఠ్యక్రమం, పరీక్షాపద్ధతి మాత్రం పాత దారినే నడిచాయి. చదివినదానిని తిరిగి అప్పజెప్పే పద్ధతి ఉర్దూలోకి వచ్చినంత మాత్రాన మరొకటి అయిపోదు.

ఉస్మానియాను బగ్దాదులోని బైతుల్ హిక్మాతో పోల్చడం పరిపాటి. ఆ పోలికనే కొంచెం జాగ్రత్తగా చూడాలి. హునైన్ ఇబ్ను ఇస్‌హాక్ (మరణం 873) జాలీనూస్ వైద్య గ్రంథాలను అరబ్బీ, సురియానీ పాఠకులకు అందించారు. ఆ తరువాత సుమారు అర్ధశతాబ్దంలోనే అర్రాజీ ఆ జాలీనూస్ మీదనే సందేహాల గ్రంథం రాశారు. ఇబ్ను హైసమ్ (మరణం సుమారు 1040) టాలెమీ ఖగోళశాస్త్రం మీద మరొక సందేహాల గ్రంథం రాశారు. రెంటి పేరులోనూ ‘షుకూక్’ అన్న మాటే ఉంది. అనువదించిన గ్రంథాన్ని గౌరవించడమంటే దానిని పరీక్షకు పెట్టడమేనని ఆ పండితులు గ్రహించారు.

బగ్దాదుకు రెండు శతాబ్దాల వ్యవధి దొరికింది, ఉస్మానియాకు ముప్పై ఏళ్ళే దొరికాయని ఆక్షేపణ రావచ్చు. అందులో నిజం ఉంది. కాని బగ్దాదులో పరీక్ష అనువాదం ముగిసేదాకా ఆగలేదు. గ్రీకు గ్రంథాలు ఇంకా అరబ్బీలోకి వస్తున్న కాలంలోనే ఖలీఫా మామూన్ (పాలన 813–833) సింజార్ మైదానానికి ఖగోళజ్ఞులను పంపి, భూగోళం మీద ఒక డిగ్రీ దూరం ఎంతో కొలిపించారు. ప్రాచీనుల అంకె ఎదుట ఉన్నా, దానిని నేలమీద కొలిచి చూడాలనుకోవడమే అక్కడి విశేషం.

ఉస్మానియాకూ అటువంటి స్థలం ఒకటి ఉండింది. 1919లో విశ్వవిద్యాలయం అధీనంలోకి వచ్చిన నిజామియా వేధశాల, అంతర్జాతీయ నక్షత్రపట నిర్మాణంలో పాల్గొని ఏడు లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలను నమోదు చేసింది. ఆ సంపుటాలు ఇంగ్లీషులో వెలువడ్డాయి. తరగతిలో ఉర్దూ, కొలతలో ఇంగ్లీషు. పాఠం ఒక భాషలోను, శాస్త్రసృష్టి మరొక భాషలోను సాగితే మొదటిది ఎల్లకాలం అనువాదంగానే మిగిలిపోతుంది.

నేటికి దీనితో పని ఏమిటి?

1968లో ఏర్పడిన తెలుగు అకాడమి ఇంటర్మీడియట్, డిగ్రీ స్థాయి విజ్ఞాన గ్రంథాలను తెలుగులో తెచ్చింది. 1998లో హైదరాబాదు కేంద్రంగా మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం వెలసింది. మరోవైపు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో ఉత్తర్వుల ద్వారా, తెలంగాణ ప్రభుత్వం 2022–23 విద్యాసంవత్సరం నుండి, ప్రభుత్వ పాఠశాలలను ఇంగ్లీషు వైపు నడిపించాయి. చర్చ మళ్ళీ భాష దగ్గరే ఆగింది.

ఈ మధ్యలో ఉన్నది తెలుగు నాట ముస్లిమ్ బాలిక. ఆమెకు ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు. ఆకు ఎండలో ఆహారం తయారుచేసుకోవడాన్ని తెలుగు పుస్తకం ‘కిరణజన్య సంయోగక్రియ’ అంటుంది, ఉర్దూ పుస్తకం ‘జియాయీ తాలీఫ్’ అంటుంది. వెలుగు వలన కలయిక అన్నదే రెంటి అర్థమూ. ఈ సంగతి చెప్పే ఉపాధ్యాయుడు దొరికితే మూడు భాషలు ఆమెకు బలమవుతాయి. దొరకకపోతే మూడూ కంఠస్థం చేయవలసిన మూడు మాటలుగానే మిగులుతాయి.

పేర్లు చేర్చడం గురించి కూడా ఇదే చెప్పాలి. దృష్టిశాస్త్ర పాఠంలో ఇబ్ను హైసమ్ పేరు ఒక వాక్యంగా చేరితే పరీక్షలో ఒక మార్కు పెరుగుతుంది, అంతే. ఆయన పద్ధతి చేరాలంటే విద్యార్థి చీకటి గదికి చిన్న రంధ్రం చేసి, వెలుగు ఎలా ప్రయాణిస్తుందో స్వయంగా చూడాలి.

ముస్లిమ్ యాజమాన్యంలోని పాఠశాలలు ఇందుకు ప్రభుత్వ కమిటీల కోసం ఎదురుచూడనక్కరలేదు. ఏటా జూలై 15, 16 తేదీలలో మధ్యాహ్నం సుమారు 2 గంటల 57 నిమిషాలకు సూర్యుడు మక్కా నడినెత్తిన ఉంటాడు. ఆ క్షణాన పాఠశాల ఆవరణలో నిలువుగా పాతిన కర్ర నీడకు ఎదురు దిశయే ఖిబ్లా. హైదరాబాదులో అది సరిగ్గా పడమర కాదు, కొంత ఉత్తరానికి వాలుతుంది. ఎందుకు? భూమి గోళాకారాన్ని గుర్తించనిదే పూర్తి జవాబు రాదు. నమాజుకు ఆ వైపు ముఖం చేస్తే చాలునన్న ఫిఖహ్ నియమం వేరు, కొలత వేరు అన్న వివేకం కూడా అక్కడే అలవడుతుంది. మబ్బు పడితే పాఠం వృథా కాదు, గణనతో సాధించవచ్చు. అదే కర్రతో ముస్లిమేతర విద్యార్థి తన ఊరి అక్షాంశం కనుక్కోవచ్చు. దమస్కు ఉమయ్యద్ మసీదులో నమాజు వేళలు లెక్కకట్టిన ఇబ్ను షాతిర్ (మరణం 1375), టాలెమీ చంద్రగమన నమూనాను సరిదిద్దినవాడే కావడం యాదృచ్ఛికం కాదు.

ఇటువంటి పని పరీక్షలో లెక్కకు రాకపోతే రెండేళ్ళలో మూలపడుతుంది. అందుచేత సంస్కరణ ప్రశ్నపత్రం నుండి మొదలుకావాలి. ప్రతి పత్రంలోనూ ఒక ప్రశ్న విద్యార్థి తాను కొలిచిన అంకెను పుస్తకంలోని అంకెతో పోల్చి, తేడాకు కారణం వెతికేదిగా ఉండాలి. ఆ జవాబు ఉర్దూలో రాసినా, తెలుగులో రాసినా, ఇంగ్లీషులో రాసినా మార్కులు సమానంగా పడాలి. దారుత్తర్జుమా పండితులు పుస్తకాలు అందించి తమ వంతు నెరవేర్చారు. ఆ పుస్తకాలను ప్రశ్నించగల విద్యార్థిని తయారుచేయడం తరువాతి తరాల బాధ్యత. అది నేటికీ మిగిలే ఉంది.