యుద్ధచిత్రాలలో నల్ల సిపాయి

వీరరసానికి స్థాయి ఉత్సాహమనీ, ఆశ్రయం ఉత్తమ ప్రకృతి అనీ భరతుని నాటినుంచీ చెప్పుకుంటున్నాం. వరంగల్లులో డిగ్రీ విద్యార్థులకు ఏటా నేనూ ఈ పాఠం చెబుతున్నాను. ఉత్తమ ప్రకృతి అంటే గుణమా, పుట్టుకా అన్న ప్రశ్నకు వ్యాఖ్యాతలు ఏ సమాధానం చెప్పినా, కావ్యాలు చెప్పిన సమాధానం ఒక్కటే: కత్తీ రాజుదే, కీర్తీ రాజుదే, చచ్చిన బంటు లెక్కలో కలిసిపోతాడు. పల్నాటి వీరగాథ ఈ కట్టును కొంత తెంచిన మాట నిజమే. మాలకులంలో పుట్టిన కన్నమదాసు అందులో సేనాని. బ్రహ్మనాయుడు కొడుకుగా చూసుకున్నవాడు. కాని జనం నోట ఆ కథ బ్రహ్మనాయుడి ఔదార్యానికి నిదర్శనంగా నిలిచినంతగా కన్నమదాసు హక్కుకు నిదర్శనంగా నిలవలేదు.

యుద్ధచిత్రాలు ఈ వారసత్వాన్ని వదిలించుకున్నాయా? నల్లజాతి సైనికుడినీ, వలసదేశాల సైనికుడినీ, కింది కులపు సైనికుడినీ తెరమీదికి తెచ్చిన చిత్రాలను చూసిన మీదట నాకు తోచినది ఇది. ఈ చిత్రాలు అతనికి ధైర్యాన్ని ధారాళంగా ఇస్తాయి. జీతం దగ్గరికి వచ్చేసరికి తడబడతాయి. అతను ఎలా చచ్చాడో చూపుతాయి. ఎంతకు చచ్చాడో, ఎవరికోసం చచ్చాడో చెప్పడానికి వెనుకాడతాయి. చిత్రాన్ని కొలవడానికి ఇదే సరైన గీటురాయి అని నా అభిప్రాయం.

1989లో ఎడ్వర్డ్ జ్విక్ తీసిన 'గ్లోరీ'ని తీసుకుందాం. అమెరికా అంతర్యుద్ధంలో మసాచుసెట్స్ 54వ పటాలం కథ ఇది. సైనికులు నల్లవారు, అధికారులు తెల్లవారు. అప్పట్లో తెల్ల సిపాయికి నెలకు 13 డాలర్లు. నల్ల సిపాయికి 10. అందులోనూ బట్టలకింద 3 పట్టుకుని చేతికిచ్చింది 7. ఆ జీతం మాకొద్దని పటాలం నిరాకరించింది. తక్కువైన సొమ్ము తామిస్తామని రాష్ట్ర ప్రభుత్వం ముందుకు వచ్చినా పుచ్చుకోలేదు. వారికి కావలసింది సొమ్ము మాత్రమే కాదు, సమానత్వం. 1864 జూన్‌లో అమెరికన్ కాంగ్రెసు చట్టం చేసేదాకా పట్టు విడవలేదు.

చిత్రం దీన్ని ఏం చేసింది? సిపాయిలు జీతం చీటీలు చింపుతారు. వారిని చూసి వారి తెల్ల కల్నల్ షా కూడా తన చీటీ చింపుతాడు. దృశ్యం కదిలిస్తుంది, కాదనను. కాని అంతటితో నల్లవారి నిరసన షా మంచితనంగా మారిపోయింది. అసలు కథ చెప్పే గొంతే షాది, అతను ఇంటికి రాసిన ఉత్తరాలది. 1863 జూలై 18న వాగ్నర్ కోటమీద దాడిలో షా నేలకొరగడంతో చిత్రం ముగుస్తుంది. జీతం పోరాటం ఆ తరువాత మరో పదకొండు నెలలు సాగింది. షా లేని ఆ పదకొండు నెలల ఓర్పు వీరరసం కాలేకపోయింది! పైగా ఆ పటాలంలో ఎక్కువమంది ఉత్తరాదిలో స్వేచ్ఛగా బతికినవారు కాగా, చిత్రం వారిని ప్రధానంగా పారిపోయి వచ్చిన బానిసలుగానే చూపింది. స్వేచ్ఛ తెలిసినవాడు హక్కు అడిగితే ఇబ్బంది. బానిస కృతజ్ఞత చూపితే కంట తడి.

దీనికి ఎదురుగా 1988లో సెనెగల్ దర్శకుడు ఉస్మాన్ సెంబెన్, తియెర్నో ఫాతీ సౌతో కలిసి తీసిన 'కాంప్ ద థియరోయ్'ని నిలబెట్టి చూడండి. సెంబెన్ స్వయంగా రెండవ ప్రపంచయుద్ధంలో ఫ్రెంచి సైన్యంలో పనిచేసినవాడు. ఫ్రాన్సు తరఫున పోరాడి, జర్మన్లకు చిక్కి, విడుదలై వచ్చిన ఆఫ్రికన్ సిపాయిలు డాకర్ దగ్గరి శిబిరంలో తమ బకాయి జీతం అడిగారు. 1944 డిసెంబరు 1న ఫ్రెంచి సైన్యం వారిమీద కాల్పులు జరిపింది. ముప్పై అయిదుగురు చనిపోయారని ప్రభుత్వం చెప్పింది. అంతకు ఎన్నో రెట్లని చరిత్రకారులు వాదిస్తున్నారు. అది ఊచకోతేనని ఫ్రాన్సు అధ్యక్షుడు ఒప్పుకున్నది 2024లో.

ఈ చిత్రంలో యుద్ధరంగం లేదు. ఉన్నది కూడూ గుడ్డా డబ్బు మారకపు రేటూ. జర్మన్ నిర్బంధ శిబిరంలో నోరు పడిపోయిన ఒక సిపాయి తన దేశంలోని ఆ శిబిరానికి వచ్చి ముళ్ళకంచెను చేత్తో తాకి చూస్తాడు. ఒక్క మాట లేదు. నాజీల కంచెకూ వలస పాలకుల కంచెకూ ఉన్న బంధుత్వాన్ని ఆ చెయ్యి చెబుతుంది. జీతం అడిగినవాడిని కథానాయకుణ్ణి చేస్తే యుద్ధచిత్రపు రూపమే మారిపోతుందనడానికి ఇంతకన్న సాక్ష్యం అక్కరలేదు.

చిత్రాలవల్ల ఏమవుతుందని పెదవి విరిచేవారికి ఒక మాట. ఉత్తరాఫ్రికా సిపాయిల కథగా రషీద్ బుషారెబ్ తీసిన 'ఆందిజెన్' 2006లో విడుదలైంది. 1959నుంచి స్తంభింపజేసిన వలస సైనికుల పింఛన్లను ఫ్రెంచి సైనికుల పింఛన్లతో సమం చేస్తున్నట్టు ఆ ఏడే ఫ్రాన్సు ప్రకటించింది. అందులో టమాటాల దృశ్యమొకటి ఉంది. ఓడలో భోజనాల దగ్గర నల్ల సిపాయికి టమాటా పెట్టరు. వీరమరణాలు చెప్పలేని నిజాన్ని ఆ టమాటా చెబుతుంది.

ఇక మన సంగతి. 1857 నాటి ఉత్తర హిందూస్థానంలో కుంపిణీ సిపాయిని 'తిలంగా' అనేవారు. తెలుగునేల నుంచి కుంపిణీ పటాలాలతో బెంగాలుకు వెళ్ళిన సిపాయిల ఊరి పేరు సిపాయి అన్న మాటకే పర్యాయమైంది. ఆ తరువాత ఇంగ్లీషువారు 'యుద్ధజాతులు' అనే సిద్ధాంతం పన్ని, దక్షిణాదివారు పనికిరారని సైన్యం తలుపులు మూసుకుంటూ వచ్చారు. మహర్లకూ అంతే జరిగింది. అవసరం పడ్డప్పుడు తలుపు తెరిచేవారు, తీరగానే మూసేవారు. మహర్ రెజిమెంటు 1941లో ఏర్పడింది. చమార్ రెజిమెంటు 1943లో పుట్టి 1946లోనే రద్దయింది. అమెరికా సైన్యంలో నల్లవారిని విడదీసే పద్ధతిని ఎత్తివేస్తూ ట్రూమన్ ఉత్తర్వు ఇచ్చింది 1948లో. అక్కడ రంగు, ఇక్కడ కులం. తూకం వేసిన చెయ్యి మాత్రం ఒకే పోలికది.

ఈ చరిత్రను తాకిన తెలుగు చిత్రం 2015లో క్రిష్ తీసిన 'కంచె'. 1944 ఇటలీలో పోరాడుతున్న ధూపాటి హరిబాబు కింది కులంవాడు. అతని సీతను కన్నవారిది జమీందారీ కుటుంబం. ఆమె అన్న ఈశ్వర్ ప్రసాద్ కూడా అదే సైన్యంలో అధికారి. ఊరిని చీల్చిన కులపు కంచెనూ, యూదు పసికందును కూడా బతకనివ్వని నాజీ జాత్యహంకారాన్నీ ఒకే కథలో ముడివేసిన ఊహ అసాధారణమైనది. మన సినిమాలలో కులం పేరెత్తకుండా ప్రేమకథ నడిపేవారే ఎక్కువగా ఉన్న రోజుల్లో ఈ సాహసానికి జాతీయ పురస్కారం రావడం న్యాయమే.

అయినా గీటురాయి మీద పెట్టక తప్పదు. హరిబాబు ఎవరి జీతం తింటున్నాడు? ఆ యుద్ధంలో భారత సైన్యం ఇరవై అయిదు లక్షలకు పెరిగింది. అందరూ స్వచ్ఛందంగా చేరినవారేనని గొప్పగా చెబుతారు. 1943లో బెంగాలు ఆకలితో చచ్చిన దేశంలో ఆ స్వచ్ఛందం ఎంతటిదో మనకు తెలియదా? తెల్ల సిపాయి జీతంలో చిన్న భాగమే మనవాడికి ముట్టేది. చిత్రంలో ఈ లెక్క లేదు. హరిబాబును సైన్యంలోకి నడిపింది ఆకలి కాదు, సొంత గాయం. రెండు కంచెలను చూపిన దర్శకుడు, వాటి నడుమ నిలబడి రెండింటినీ వాడుకున్న మూడవ కంచెను, సామ్రాజ్యాన్ని, నేపథ్యంగా వదిలేశాడు. జర్మన్ క్రూరుడైతే ఇంగ్లీషువాడు దానంతట అదే న్యాయపక్షం అయిపోయాడు.

ముగింపు ఇంకా చిక్కుది. హరిబాబు చనిపోవాలి, అప్పుడుగాని ఈశ్వర్ మనసు మారదు, ఊళ్ళో కంచె కూలదు. కింది కులంవాడి శవం పైకులంవాడికి పాఠ్యపుస్తకమైంది! 'గ్లోరీ'లో మరణమే పౌరసత్వానికి యోగ్యతాపత్రమైనట్టు, ఇక్కడ మరణమే మనిషితనానికి యోగ్యతాపత్రం. బతికి వచ్చి, ఆ కంచెను తన చేత్తో పీకే హరిబాబును ఊహించడానికి మనకింకా ధైర్యం చాలడం లేదు.

ఇది కోట్లు ఖర్చుపెట్టి తీసిన వ్యాపార చిత్రమనీ, దాన్ని అర్థశాస్త్ర గ్రంథంలా పరీక్షించడం అన్యాయమనీ కొందరు మిత్రులు అంటారు. వ్యాపారపు ఒత్తిడి ఉన్నదే. కాని 'ఆందిజెన్' జనం చూసిన చిత్రమే. టమాటాకు కోట్లు అక్కరలేదు. లోపం పెట్టుబడిది మాత్రమే కాదు, చూపుది కూడా.

ఆ చూపు తిప్పుకోవడానికి మనం డాకర్ దాకా వెళ్ళనక్కరలేదు. హైదరాబాదులో మాసబ్‌ట్యాంకు పక్కన ఏ.సీ. గార్డ్స్ అనే పేట ఉంది. ఆ పేరు విప్పితే ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. వనపర్తి సంస్థానాధీశుడి దగ్గరినుంచి నిజాం కొలువుకు చేరిన ఆఫ్రికన్ రౌతుల పేట అది. సంస్థానం 1948లో భారతదేశంలో కలిసిన తరువాత ఆ దళం రద్దయింది. గుర్రాలు పోయాయి, జీతాలు పోయాయి, మనుషులు మిగిలారు. పెళ్ళి ఊరేగింపులలో వారి మర్ఫా వాద్యానికి మనం చిందులు వేస్తాం. ఆ చేతులు ఒకప్పుడు ఎవరి కోటను కాశాయో అడగం.

వారి కథలో వాగ్నర్ కోటలాంటి మహాయుద్ధం లేదు. కొలువు ఎలా దొరికింది, ఎలా పోయింది, ఆ మర్నాటి ఉదయం పొయ్యి ఎలా వెలిగింది అన్నదే వారి కథ. దానిని చెప్పగల రచయితే వీరరసానికి కొత్త ఆశ్రయాన్ని వెతికినవాడవుతాడు. సిపాయిని చంపి దండ వేయడం తేలిక. బతికి తిరిగివచ్చి, నాకు రావలసినదెంత అని నిలబడిన సిపాయిని కళ్ళలోకి చూడగలగడమే అభ్యుదయ కళకు పరీక్ష.